ఒక్క గీతను నమ్మిన మనిషి

వార్సా నగరం నడిబొడ్డున హోజా అనే వీధి ఉంది. అందులో 69వ నంబరు భవనం ముందు నుంచి రోజూ వందల మంది వెళ్తుంటారు. ఎవరూ ఆగి చూడరు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో నేనూ అలాగే తలొంచుకుని ఆఫీసుకు పోయేవాణ్ణి. 1921లో తెరిచిన ఆ భవనంలోనే తొంభై ఏళ్లకు పైగా వార్సా విశ్వవిద్యాలయం వారి ఫిజిక్స్ విభాగం నడిచిందని, 2014లో వేరే చోటికి మారిందని చాలా రోజుల తర్వాత తెలిసింది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఆ తర్వాత అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాణ్ణి నేను. హైపర్ న్యూక్లియస్ అన్న మాట పాఠంలో ఒక పేరాలో వచ్చి పోయినట్టు గుర్తు. దాన్ని మొట్టమొదట చూసింది ఈ గోడల మధ్యనే అని తెలిశాక మాత్రం, ఆ భవనం ముందు నా నడక కాస్త నెమ్మదించింది.

దాన్ని చూసినవారు ఇద్దరు. ఒకరు మరియన్ డానిష్, రెండోవారు యెజి ప్నియెవ్‌స్కి. ఇద్దరిలో పెద్దవారైన డానిష్ జీవితం గురించి ఈ వారం రాయాలనిపించింది. పేరు చూసి డెన్మార్క్ మనిషి అనుకోకండి. పోలిష్ ఇంటిపేరు, పలకడం అలా కుదిరిందంతే.

మూడు తరాల ఇల్లు

డానిష్ పుట్టింది పోలండ్‌లో కాదు, పారిస్‌లో. 1909 మార్చి 17న. అప్పటికి పోలండ్ అనే దేశం పటంలో లేదు. రష్యా, జర్మనీ, ఆస్ట్రియా దాన్ని పంచుకుని వందేళ్లు దాటింది. చదువుకున్న పోలిష్ కుటుంబాలు చాలా వరకు పారిస్ చేరేవి. తాత యాన్ డానిష్ అలా వెళ్లినవారే. పాశ్చర్ సంస్థలో సూక్ష్మజీవుల మీద పనిచేసి పేరు తెచ్చుకున్నారు. విచిత్రమేమిటంటే ఇవాళ వార్సా ఫిజిక్స్ విభాగం ఉన్న వీధి పేరు కూడా పాశ్చర్‌దే.

తండ్రి యాన్ కజిమిఎష్ డానిష్ భౌతిక శాస్త్రవేత్త. మేరీ క్యూరీ ప్రయోగశాలలో సహాయకుడు. రేడియం లాంటి పదార్థాల నుంచి వచ్చే బీటా కిరణాలు ఎంత వేగంతో వస్తాయో, అయస్కాంతంతో వాటిని వంచి కొలిచే పరికరాన్ని తయారు చేసినవారిలో ఆయన ముందువరుసలో ఉన్నారు. మన విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో బీటా స్పెక్ట్రోమీటర్ అనే పరికరానికి మూలం ఆ పనిలోనే ఉంది.

1913లో వార్సాలో ఒక చిన్న రేడియాలజీ ప్రయోగశాల మొదలైంది. దాన్ని నడపడానికి స్వదేశానికి రమ్మని మేరీ క్యూరీని అడిగారు. పారిస్ వదిలి రావడం ఆమెకు కుదరలేదు. దూరం నుంచి పెద్దదిక్కుగా ఉంటానని చెప్పి, తన ఇద్దరు సహాయకులను పంపారు. ఒకరు లూద్విక్ వెర్టెన్‌స్టైన్. రెండోవారు మరియన్ తండ్రి.

మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తండ్రి ఫ్రెంచి సైన్యంలో చేరి, 1914 నవంబరులో యుద్ధరంగంలోనే చనిపోయారు. వయసు ముప్పై. కొడుక్కి అప్పటికి ఐదేళ్లు. తండ్రిగా పోలికలు, ఇంటిపేరు ఇచ్చారు. సగంలో ఆగిన పని కూడా ఒకటి వదిలి వెళ్లారని ఆ పిల్లాడికి పెద్దయ్యాకే తెలిసి ఉంటుంది.

తండ్రి వదిలిన బల్ల దగ్గర

మరియన్ వార్సా పాలిటెక్నిక్‌లో చేరారు. చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. మన ఇళ్లలో చెప్పే ఉద్యోగం వచ్చే చదువన్నమాట. కానీ విద్యార్థిగా ఉండగానే ఆయన అడుగులు అదే రేడియాలజీ ప్రయోగశాల వైపు పడ్డాయి. అక్కడ పెద్దగా ఉన్నది వెర్టెన్‌స్టైన్, ఇరవై ఏళ్ల కిందట తండ్రితో కలిసి ఆ గదులు తెరిచిన మనిషి.

1934 జనవరిలో పారిస్‌లో క్యూరీ కూతురు ఐరీన్, అల్లుడు ఫ్రెడరిక్ జోలియో కృత్రిమ రేడియోధార్మికతను కనుగొన్నారు. మామూలు మూలకాన్ని ఆల్ఫా కణాలతో కొడితే అది కొంతసేపు రేడియోధార్మిక పదార్థంగా మారుతుందని చూపించారు. యూరప్‌లోని ప్రయోగశాలలన్నీ ఆ దారి పట్టాయి. వార్సాలో డానిష్, తన మిత్రుడు మిహావ్ జివ్‌తో కలిసి అదే ఏడాది అలాంటి కొత్త రేడియోధార్మిక ఐసోటోపు మీద పరిశోధనను ప్రచురించారు. పాతికేళ్ల కుర్రాడికి అది మంచి ఆరంభమే.

ఆ ఆరంభాన్ని 1939లో యుద్ధం తుడిచేసింది. జర్మన్ ఆక్రమణలో పోలిష్ విశ్వవిద్యాలయాలు మూతపడ్డాయి. హోజా వీధి భవనంలోని పరికరాలు దోపిడీకి గురయ్యాయి. 1944 తిరుగుబాటు తర్వాత వార్సాను వీధి వెంట వీధి పేల్చేశారు. ఇవాళ మనం సెలవు రోజున పిల్లలతో తిరిగే పాతబస్తీ ఇళ్లన్నీ తర్వాత తిరిగి కట్టినవే. యూదు మూలాలున్న గురువు వెర్టెన్‌స్టైన్ దేశం దాటి హంగరీ చేరారు. యుద్ధం ముగియడానికి కొద్ది నెలల ముందు, 1945 జనవరిలో బుడాపెస్ట్‌లో మరణించారు. తండ్రిని మొదటి యుద్ధం, గురువును రెండో యుద్ధం తీసుకున్నాయి.

బ్రిస్టల్‌లో నేర్చుకున్నది

యుద్ధం తర్వాత డానిష్ ఇంగ్లండ్ వెళ్లారు. బ్రిస్టల్‌లో సెసిల్ పవెల్ బృందంలో పనిచేశారు. ఆ రోజుల్లో కణ భౌతిక శాస్త్రానికి బ్రిస్టల్ ఒక కాశీ. 1947లో పయాన్ అనే కణాన్ని పట్టుకున్నది అక్కడే. 1950లో పవెల్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్ల చేతిలో పెద్ద యంత్రాలేమీ లేవు. ఉన్నదల్లా ఫొటో ప్లేట్లు, సూక్ష్మదర్శినులు, ఓపిక.

ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెప్పాలి. పాతకాలం ఫొటో స్టూడియోలో ఫిల్ము మీద పూసే పూత గుర్తుందా? జిలటిన్‌లో వెండి బ్రోమైడ్ రేణువులు. అదే పూతను చాలా మందంగా, రేణువులు చాలా దట్టంగా గాజు పలక మీద పోస్తారు. దీనికి న్యూక్లియర్ ఎమల్షన్ అని పేరు. విద్యుదావేశం ఉన్న కణం ఏదైనా ఆ పూతలోంచి దూసుకుపోతే దారిలోని రేణువులు దెబ్బతింటాయి. ఫిల్ము కడిగినట్టు ఆ పలకను కడిగితే దెబ్బతిన్న రేణువులన్నీ నల్లని చుక్కల వరసగా కనబడతాయి. అదే ఆ కణం నడిచిన గీత. గీత దట్టంగా, లావుగా ఉంటే కణానికి ఆవేశం ఎక్కువ లేదా వేగం తక్కువ. పలచగా ఉంటే వేగం ఎక్కువ. గీత పొడవు, మెలికలు, చుక్కల లెక్క చూసి ఆ కణం ఏమిటో చెప్పగలరు. బ్రిస్టల్‌లో ఈ గీతల్ని వెతికే పనికి ప్రత్యేకంగా శిక్షణ పొందినవారు ఉండేవారు, ఎక్కువగా యువతులు. రోజంతా సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి కూర్చునేవారు.

ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు నేల చేరేలోపు గాలిలో చిందరవందర అవుతాయి. అందుకే పలకల్ని పెద్ద బెలూన్లకు కట్టి పైకి పంపేవారు. మన తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా ఇలాంటి బెలూన్లను పైకి పంపుతోంది. వాటి పరికరాలు పొలాల్లో దిగడం, ఊరంతా చుట్టూ మూగడం మామూలే. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో వింత గోళం పడిందని ఫోన్లలో వీడియోలు తిరిగాయి కదా, అది కూడా ఆ కేంద్రం నుంచి ఎగిరిన బెలూన్‌దే.

నిలవని కణం

బ్రిస్టల్ రోజుల్లో డానిష్‌కు ఒక దెబ్బ కూడా తగిలింది. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అది తెలిశాకే.

1952లో ఆయన, మరో ఇద్దరు సహచరులు లాక్, యెకుతియెలి కలిసి ఒక కొత్త కణాన్ని ప్రకటించారు. జీటా అని పేరు పెట్టారు. ఆవేశం లేని కణం, పుట్టగానే రెండు పయాన్లుగా విడిపోతుందని వాళ్ల అంచనా. చాలా పయాన్ల జంటల గీతల్ని కొలిచి, మామూలుగా ఉండాల్సిన దానికన్నా కొన్ని రకాల జంటలు ఎక్కువగా ఉన్నాయని గమనించి, ఆ తేడా నుంచి కణాన్ని ఊహించారు. ప్రపంచంలోనే పేరున్న పత్రికలో అది అచ్చయింది.

ఆ కణం నిలవలేదు. ఇతరులు కొలిచి చూసినప్పుడు కనబడలేదు. ఈనాటి కణాల పట్టికలో దానికి చోటే లేదు. గొప్ప ప్రయోగశాలలో, జాగ్రత్తగా పనిచేసే మనుషులకే అలా జరిగింది. ఎన్నో కొలతల్ని కుప్పగా పోసి, ఆ కుప్పలో కనబడే చిన్న వంపును నమ్మడంలో ఉండే ప్రమాదం అది. నలభై దాటిన వయసులో అలాంటి ప్రకటన చేసిన మనిషి, ఆ తర్వాత ఇంకో కొత్త వస్తువును చూశానని చెప్పాలంటే ఎంత గుండె కావాలో ఆలోచించండి.

తిరిగి వార్సాకు

డానిష్ బ్రిస్టల్‌లో ఉండిపోలేదు. వార్సాకు తిరిగి వచ్చారు. అప్పటి వార్సా ఎలా ఉండేదో ఇక్కడి పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. సగం ఊరు శిథిలాలు, సగం ఊరు ఇటుకలు మోసే జనం. స్టాలిన్ కాలం. పడమటి దేశాలతో రాకపోకలు కష్టం. యాక్సిలరేటర్ వంటి యంత్రాలు అందని ద్రాక్ష.

హోజా వీధిలో ఆయనకు జతగా దొరికినవారు యెజి ప్నియెవ్‌స్కి. డానిష్ కన్నా నాలుగేళ్లు చిన్న. ఆయన కూడా యుద్ధం తర్వాత కొంతకాలం లివర్‌పూల్‌లో పనిచేసి తిరిగి వచ్చినవారే. ఇద్దరికీ ఒక్క సంగతి తెలుసు. ఎమల్షన్ పలకకు సరిహద్దులు లేవు. బెలూన్ ఎక్కడ ఎగిరినా పలకను పెట్టెలో పెట్టి వార్సాకు తెచ్చుకోవచ్చు. ఆ పైన కావలసింది సూక్ష్మదర్శిని, దాని ముందు కూర్చునే మనిషి. అవి రెండూ హోజాలో ఉన్నాయి. బ్రిస్టల్ సంబంధం వల్ల, 26 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి వచ్చిన పలకలు వాళ్లకు చేరాయి.

1952 సెప్టెంబరు

ఆ పలకల్లో ఒకదానిలో డానిష్, ప్నియెవ్‌స్కి ఒక నక్షత్రాన్ని చూశారు. నక్షత్రం అంటే ఎమల్షన్ భాషలో ఒక చోటి నుంచి అన్ని వైపులకూ పాకే గీతల గుత్తి. బలమైన కాస్మిక్ కిరణం ఒకటి వెండి లేదా బ్రోమిన్ కేంద్రకాన్ని ఢీకొట్టి ముక్కలు చేసిందని అర్థం. అలాంటి నక్షత్రాలు వాళ్లకు అలవాటే. ఈ నక్షత్రం నుంచి మాత్రం ఒక లావుపాటి గీత బయటికి వచ్చింది. బోరాన్ కేంద్రకం అంత బరువున్న ముక్క అది. మిల్లీమీటరులో పదో వంతు కూడా నడవకుండా ఆగిపోయింది. ఆగిన చోట రెండో నక్షత్రం ఉంది.

ఆగిపోయిన ముక్క మళ్లీ పేలింది. అందులో అంత వింత ఏముంది అనిపించవచ్చు. వింతంతా సమయంలో ఉంది. ఢీకొన్న కేంద్రకంలో మిగిలిన వేడి ఏదైనా ఉంటే అది ఊహకందనంత తక్కువ సమయంలో బయటపడుతుంది. ముక్క నాలుగడుగులు వేసే దాకా ఆగదు. ఇక్కడేమో ముక్క నెమ్మదించి పూర్తిగా నిలిచేంత వరకు, అంటే సెకనులో లక్ష కోట్ల వంతు పాటు, ఏదో లోపల నిద్రపోయినట్టు ఉండి, అప్పుడు పేలింది. మనకు అది రెప్పపాటులో కోట్ల వంతు కూడా కాదు. కేంద్రకం లెక్కలో మాత్రం అది యుగం. పైగా రెండో పేలుడులో వెలువడ్డ శక్తి మామూలు కేంద్రకంలో దాగి ఉండగలిగే శక్తి కన్నా చాలా ఎక్కువ.

ఇద్దరూ వెంటనే సంబరపడలేదు. రెండు వేర్వేరు నక్షత్రాలు యాదృచ్ఛికంగా ఒక గీత రెండు చివర్లా పడ్డాయా? ఆ అవకాశం లెక్కించారు, చాలా తక్కువని తేలింది. ముక్కతో పాటు ఒక పయాన్ అంటుకుని వచ్చి ఆగాక కేంద్రకంలోకి దూకిందా? అది కూడా తూచి చూశారు. చివరికి మిగిలిన వివరణ ఒక్కటే. ఆ ముక్కలో ప్రోటాన్లు, న్యూట్రాన్లతో పాటు మూడో రకం కణం కూడా ఉంది. దాని పేరు లాంబ్డా.

ఇంటికి వచ్చిన అతిథి

లాంబ్డా అప్పటికి కొత్త కణమే. 1947లో మాంచెస్టర్‌లో రోచెస్టర్, బట్లర్ వింత కణాల మొదటి జాడలు చూశారు. 1950లో మెల్‌బోర్న్‌లో హాపర్, బిశ్వాస్ అనే ఇద్దరు ఎమల్షన్ పలకల్లో లాంబ్డా జాడ పట్టారు. ఆ రెండో పేరు మన దేశం మనిషిదే. న్యూట్రాన్ లాగే లాంబ్డాకు ఆవేశం లేదు. బరువు మాత్రం దాదాపు ఐదో వంతు ఎక్కువ. విడిగా ఉంటే సెకనులో వెయ్యి కోట్ల వంతుకు కాస్త అటూఇటూగా బతికి విడిపోతుంది. ఇలాంటి బరువైన కణాలకు తర్వాత హైపరాన్లు అని పేరు స్థిరపడింది.

ఈ అతిథి కేంద్రకం లోపల కూడా బతుకుతుందని, ప్రోటాన్లూ న్యూట్రాన్లూ దాన్ని తమతో పట్టి ఉంచుతాయని హోజా పలక చెప్పింది. అలాంటి కేంద్రకమే హైపర్ న్యూక్లియస్.

దీని వల్ల ఏమిటి లాభం? కేంద్రకంలో ఒక కట్టుబాటు ఉంది. ఒకే రకం కణాలు రెండు ఒకే స్థితిలో ఉండకూడదు. రిజర్వేషన్ బోగీలా, ఒక బెర్తు నిండితే తర్వాతి ప్రోటాన్ పై బెర్తు ఎక్కాల్సిందే. లాంబ్డా ప్రోటానూ కాదు, న్యూట్రానూ కాదు. దానికి ఆ కట్టుబాటు వర్తించదు. అది నేరుగా అడుగు బెర్తుకు, కేంద్రకం నడిమధ్యకు పోయి కూర్చుంటుంది. మామూలుగా మనం తొంగి చూడలేని చోటికి పంపిన వేగులా పనిచేస్తుంది. అది ఎంత గట్టిగా అతుక్కుందో కొలిస్తే, లాంబ్డాకు, ప్రోటాన్ న్యూట్రాన్లకు మధ్య బలం ఎంతో తెలుస్తుంది. అతి త్వరగా విడిపోయే లాంబ్డాలను గుంపుగా చేసి ప్రోటాన్ల మీదకు గురిపెట్టడం చాలా కష్టం. కాబట్టి ఆ బలాన్ని కొలవడానికి ప్రకృతి ఇచ్చిన త్రాసు హైపర్ న్యూక్లియస్సే.

1953 మార్చిలో ఇంగ్లండ్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో వాళ్ల వ్యాసం వచ్చింది. ఆధారం ఒక్కటే ఘటన. అదే సంచికలో బ్రిటన్ బృందం ఒకటి అలాంటి మరో ఘటనను ప్రకటించింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో క్రుసార్, మోరెలె ఇంకొకటి చూశారు. చూడటం ఎలాగో తెలిశాక, అందరి పలకల్లోనూ అవి దొరకసాగాయి.

దగ్గర దగ్గరగా అచ్చయిన రెండు ప్రకటనలు, రెండింటిలోనూ అదే మనిషి. ఎన్నో జంటల లెక్క మీద నిలబెట్టిన జీటా కూలిపోయింది. ఒక్క గీత మీద నిలబెట్టిన హైపర్ న్యూక్లియస్ డెబ్బై ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు. కారణం ఒకటే అని నాకనిపిస్తుంది. ఎన్ని గీతలున్నాయన్నది కాదు, ఉన్న గీతకు వేరే అర్థం చెప్పే దారులన్నీ మూసుకుపోయాయా అన్నదే ముఖ్యం.

రెండు అతిథులు

ఆ తర్వాత హోజా పేరు ప్రపంచ పటంలోకి వచ్చింది. 1956లో మాస్కోకు ఉత్తరాన దూబ్నాలో సోషలిస్టు దేశాలన్నీ కలిసి ఉమ్మడి అణు పరిశోధన సంస్థ పెట్టినప్పుడు, దాని తొలి ఉప సంచాలకుల్లో ఒకరిగా డానిష్‌ను తీసుకున్నారు. ఆ పని చూసుకుని ఆయన మళ్లీ వార్సాలోని సూక్ష్మదర్శినుల దగ్గరికే వచ్చారు.

1960లు వచ్చేసరికి కాస్మిక్ కిరణాల కోసం ఎదురుచూడనక్కర లేదు. జెనీవాలోని సెర్న్ యంత్రం కేఆన్ కణాల ప్రవాహాన్ని ఇవ్వసాగింది. ఎమల్షన్‌ను ఆ ప్రవాహంలో ఉంచి, కడిగి, వార్సాతో సహా యూరప్‌లోని బృందాలు పంచుకుని వెతికేవి. 1962లో డానిష్, ప్నియెవ్‌స్కి హైపర్ న్యూక్లియస్‌లకు ఐసోమర్లు, అంటే కొంతకాలం నిలిచే ఉత్తేజిత రూపాలు ఉన్నాయని వాదించారు. 1963లో వారి బృందం మరో ఒంటరి ఘటనను ప్రకటించింది. ఈసారి ఒక పేలుడు తర్వాత ఒకటి, వరసగా మూడు నక్షత్రాలు. లోపల ఒకటి కాదు, రెండు లాంబ్డాలు ఉన్న బెరీలియం కేంద్రకం అది. ఒక లాంబ్డా విడిపోయాక రెండోది విడిపోయింది.

లాంబ్డాకు లాంబ్డాకు మధ్య ఆకర్షణ ఉందా, లేదా అన్న ప్రశ్నకు అది తొలి జవాబు. అలాంటి ఘటనలు ఎంత అరుదంటే, తర్వాతి దశాబ్దాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే దొరికాయి. దాంతో సందేహాలు వచ్చాయి. అప్పటికి డానిష్ లేరు. 1983 ఫిబ్రవరి 9న వార్సాలో కన్నుమూశారు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రిచర్డ్ డాలిట్జ్, ఇంకొందరు కలిసి పాత ఆధారాన్ని మళ్లీ మొదటి నుంచి పరిశీలించారు. ప్నియెవ్‌స్కి కూడా అందులో ఉన్నారు. 1989లో వచ్చిన వారి వ్యాసం ఆ ఘటనను నిలబెట్టింది. ప్నియెవ్‌స్కి అదే ఏడాది వెళ్లిపోయారు. 2001లో జపాన్ బృందం ప్రకటించిన రెండు లాంబ్డాల హీలియం కేంద్రకం, ఆ ఆకర్షణ ఉంది గానీ బలహీనమైనదని మరింత స్పష్టంగా కొలిచింది.

ఇద్దరికీ నోబెల్ రాలేదు. వచ్చి ఉండాల్సిందని ఇక్కడివాళ్లు అంటారు. నాకు అంత చెప్పే అర్హత లేదు గానీ, వాళ్లు తెరిచిన దారి ఎంత దూరం పోయిందో చూస్తే ఆ మాటలో బాధ అర్థమవుతుంది. ఇవాళ డజన్ల కొద్దీ హైపర్ న్యూక్లియస్‌లు తెలుసు. జపాన్‌లోని జే-పార్క్‌లో, జర్మనీలోని మైంజ్‌లో, సెర్న్‌లో వాటిని కొలుస్తున్నారు. 2010లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో ప్రతిపదార్థపు హైపర్ న్యూక్లియస్ కూడా దొరికింది.

అదే ఏడాది ఆకాశంలో సూర్యుడికి దాదాపు రెండింతల బరువున్న న్యూట్రాన్ నక్షత్రాన్ని తూచారు. అలాంటి నక్షత్రం లోపల ఒత్తిడికి న్యూట్రాన్లు హైపరాన్లుగా మారాలని లెక్కలు చెబుతాయి. అలా మారితే నక్షత్రం మెత్తబడి, అంత బరువును మోయలేక కుప్పకూలాలి. కూలలేదు. ఎందుకు? దీన్ని హైపరాన్ చిక్కు అంటున్నారు. దీని జవాబు హైపరాన్ల మధ్య బలాల్లో ఉండవచ్చు. ఆ బలాల కొలత హోజాలోని ఒక గాజు పలక మీద మొదలైంది.

తిరిగి వెళ్లడం అంటే

ఇది రాస్తుంటే నాకు విశాఖ గుర్తుకొచ్చింది. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టి, సన్యాసిగా యూరప్ వెళ్లి, ప్రేగ్‌లో ఒకసారి, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర మరోసారి ఫిజిక్స్ చదివిన స్వామి జ్ఞానానంద కూడా ఇలాగే తిరిగి వచ్చినవారు. లివర్‌పూల్‌లో ఆయన పని బీటా కిరణాల మీద, డానిష్ తండ్రి తొలి అడుగులు వేసిన రంగంలో. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక శాస్త్ర విభాగాన్ని ఆయనే నిలబెట్టారు. అక్కడి ప్రయోగశాలలకు ఇప్పటికీ ఆయన పేరే. నేను చదివింది ఆ నీడలోనే. అయినా ఆ పేరు వెనక కథ నాకు తెలిసింది వార్సాకు వచ్చాకే. దూరం వస్తే గానీ ఇల్లు కనబడదని మా నాయనమ్మ ఎందుకు అనేదో అప్పుడు తెలిసింది.

శనివారం ఎవరింట్లో కలిసినా మా మాటలు చివరికి ఒక చోటికే చేరతాయి. ఉండిపోదామా, తిరిగి వెళదామా అని. వెళితే అక్కడ మన పనికి చోటుంటుందా అని ఒకరు, ఇక్కడ నేర్చుకున్నదంతా అక్కడ వృథా అవుతుందేమోనని ఇంకొకరు. డానిష్ కథ ఆ ప్రశ్న తేల్చదు. ఆయన ఊరు వేరు, కాలం వేరు. ఉండిపోయినవాళ్లు తప్పు చేశారని కూడా ఆ కథ చెప్పదు. ఆయన తాత ఉండిపోయినవారే.

ఒకటి మాత్రం నాకు తేలింది. గొప్ప యంత్రం ఎక్కడుందో దాని పక్కకు చేరినవాడికే గొప్ప పని దక్కుతుందని నేను చాలా ఏళ్లు నమ్మాను. అందుకే ఫిజిక్స్ వదిలేశానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. డానిష్ బ్రిస్టల్ నుంచి తెచ్చుకున్నది యంత్రం కాదు. చూపు. ఒకసారి పొరబడిన తర్వాత కూడా, ఎదురుగా ఉన్నది ఉన్నట్టు చెప్పే ధైర్యం. ఆ రెండింటికీ వీసా అక్కర్లేదు, వెనక్కి వెళ్లినా అవి తరగవు.

వార్సాలో ఉన్నవాళ్లు ఈసారి హోజా వీధిలో నడిచేటప్పుడు 69వ నంబరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పిల్లలుంటే ఆ గోడ చూపించండి. వెంట్రుక మందమంత దూరం నడిచి ఆగి, మళ్లీ పేలిన ఒక ముక్క గురించి చెప్పండి. నేను మొన్న మా అమ్మాయికి చెప్పాను. ఎనిమిదేళ్ల పిల్ల. మొత్తం విని, ఆ గాజు పలకను వాళ్లు ఎన్నిసార్లు చూసి ఉంటారు నాన్నా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కానీ అడగాల్సిన ప్రశ్న అదే.